నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి

తాళాలాయన లైబ్రరీకి వచ్చాడంటే ఏదో ఒక బీరువా మొరాయించి ఉండాలి. ఆ రోజు బీరువాలన్నీ బుద్ధిగానే ఉన్నాయి. అయినా వచ్చాడు. పనిముట్ల సంచీ లేదు. సంచీ లేకుండా ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయనకూ అలవాటు లేనట్టుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి కట్టుకుని, ఒకసారి ముందుకు తెచ్చుకుని, చివరికి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"లైబ్రరీ అమ్మాయ్, నీతో ఒక మాట" అన్నాడు.

యాభై దగ్గర పడుతున్నా ఊరికి ఆమె లైబ్రరీ అమ్మాయే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో అలా పిలిచారు, అదే నిలిచిపోయింది. జుట్టు నెరిసింది గానీ పిలుపు నెరవలేదు. ఆమె కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"మిల్లు గోడ దగ్గర బోర్డు పెడుతున్నారట కదా, పెద్ద వరద గురించి. అందులో మా నాన్న సంగతి కూడా ఉంటుందంటున్నారు."

ఉంటుంది. ఆ కాగితం అప్పుడు ఆమె అరచేతి కిందే ఉంది. చరిత్ర మాస్టారు రాసిచ్చాడు. ఆయన పనిచేసినన్నాళ్లూ బళ్లో చెప్పింది లెక్కలు. రిటైరయ్యాక చరిత్ర పట్టుకున్నాడు, ఊరు లెక్కలు మరిచిపోయి చరిత్ర మాస్టారని పేరు పెట్టేసింది. తప్పొప్పులు చూసి, సాపు రాసి, పెయింటరుకు ఇవ్వడం ఆమె పని. అందులో తాళాలాయన తండ్రి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. గేటు కాపలాదారు సమయానికి గేటు తెరవకుండా గదికి తాళం వేసుకుని వెళ్లిపోవడం వల్ల వరద ఊరి మీద పడిందని. దాని కిందే ఇంకో వాక్యం, బడి కప్పు మీద చిక్కుకున్న పిల్లలను పడవలో దాటించిన మహానుభావుడి గురించి. ఆ మహానుభావుడు ఆమె తాతయ్య, అమ్మకు నాన్న.

ఊరి పైభాగాన కాలువకు ఒక ఇనుప గేటు ఉంది. తెరిస్తే నీళ్లు బయటి బీళ్లలోకి పోతాయి. మూసి ఉంటే ఊళ్లోకి వస్తాయి. వరదనాడు దాని దగ్గర ఉండాల్సిన మనిషి తాళాలాయన తండ్రి. ఊరు ఆయన్ని గేటాయన అనేది. ఆయన పోయాక ఆ ఇంటిని గేటు మూసినోళ్ల ఇల్లు అంటోంది.

"మాస్టారు రాసింది తప్పంటారా?" అని అడిగింది ఆమె.

"తప్పని నేనెలా అంటానమ్మా? అప్పటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. మూశాడో తెరిచాడో నాకేం తెలుసు? ఊరంతా మూశాడనే అంటుంది. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "కానీ నోటితో అన్న మాట వేరు, బోర్డు మీద రాసి పెట్టింది వేరు. నా మనవరాలు ఆ దారినే బడికి వెళ్తుంది. దానికి ఇప్పుడిప్పుడే చదవడం వచ్చింది. కనబడ్డ బోర్డునల్లా పైకి చదువుకుంటూ పోతుంది."

ఆమె మాస్టారితో మాట్లాడతాను అంది. అది సాగనంపడానికి అనే మాటని ఆయనకూ తెలుసు. బల్ల అంచు మీద తన వేళ్ల గుర్తులు పడ్డాయేమోనని చేత్తో తుడిచి మరీ వెళ్లాడు. 

సాయంత్రం లైబ్రరీ మూసి ఆమె మిల్లు వీధి మీదుగా నడిచింది. మిల్లు ఆగిపోయి ఏళ్లయింది, గోడ మాత్రం ఉంది. గోడలో ఒక నల్లరాయి, రాయి మీద "వరద నీరు ఇక్కడి వరకు వచ్చింది" అన్న అక్షరాలు, వాటి కింద ఒక అడ్డగీత. ఆ గీత ఆమె తల కన్నా జానెడు పైన ఉంటుంది. బయటి ఊరి నుంచి ఎవరు వచ్చినా ఊరివాళ్లు ఇక్కడికి తెచ్చి నిలబెట్టి, చూశారా మనిషి మునిగే నీళ్లు అని చూపిస్తారు. గేటు తెరిచి ఉంటే ఇంత ఎత్తు నీళ్లు రావు. ఆ గీతే గేటాయన మీద తీర్పు. మాస్టారు ఎప్పుడూ అనే మాటా అదే, "మనుషులు అబద్ధం చెప్తారు గానీ రాయి చెప్తుందా?" అని.

ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న రాయే. ఎప్పుడూ గీతనే చూసింది, చుట్టూ చూడలేదు. ఇవాళ ఎందుకో గోడంతా చూసింది. కింద నడుం ఎత్తు వరకూ పాచి పట్టిన పాతకాలపు బండరాళ్లు. ఆ పైనంతా ఇటుక. ఇటుకల మధ్య సిమెంటు. ఆ ఇటుకల మధ్యలో, బండరాళ్లకు చాలా పైన, ఒంటరిగా నల్లరాయి. వరద నాటి రాయి ఆ తర్వాత కట్టిన ఇటుకల్లోకి ఎలా వచ్చింది? ఆమె వెనక్కి జరిగి చూసింది. దగ్గరికెళ్లి గోటితో సిమెంటు గీకింది. దారిన పోతున్నవాళ్లు ఎవరో "ఏం పోయిందమ్మా?" అని అడిగారు. ఏం లేదంది. నిజానికి ఏం దొరికిందో, ఏం పోయిందో ఆమెకే తెలియలేదు.

*

వాళ్లది పడవ ఇల్లు. పడవేమీ లేదు, వరండా గోడకు ఒక తెడ్డు మాత్రం తగిలించి ఉంటుంది. తెడ్డు పైన తాతయ్య ఫోటో. ఫోటోలో ముఖం కన్నా ముందు బట్టతల కనిపిస్తుంది. తల మీద వెలుతురు పడి మెరుస్తుంటే ఫోటో తీసేవాడు పౌడరు అద్దాడని ఇంట్లో ఒక జోకు. అమ్మ పుట్టిన ఏడాదే ఆ జుట్టంతా రాలిపోయిందట, పసిపిల్ల ఏడుపు భరించలేక.

అమ్మ ఆ తెడ్డు కిందే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. డెబ్బై దాటినా ఆమె వేళ్లు కూర దగ్గర తడబడవు.

"అమ్మా, వరద కథ చెప్పవా?"

"ఇన్నేళ్లొచ్చి కథలేమిటే?" అంది గానీ అమ్మ ముఖం విప్పారింది. ఆ కథ అడిగితే ఆమె ఎప్పుడూ కాదనదు. "చీకటి పడబోతోంది. పిల్లలమంతా బడి కప్పు మీద ఉన్నాం. ఎటు చూసినా నీళ్లే. మా నాన్న పడవ వేసుకొచ్చాడు. కప్పు మీంచి నన్ను ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. ఇంటికి తెచ్చాక మా అమ్మ నా రెండు చేతులకూ కిరసనాయిలు పోసి రుద్దింది. భగ్గున మండింది. నీళ్లకు ఏడవలేదు గానీ దానికి ఏడ్చాను."

ఈ కథ కూతురు ఎన్నిసార్లు విన్నదో. ఎప్పుడూ ఇవే మాటలు, ఇదే వరస. కిరసనాయిలు దగ్గర అందరూ నవ్వేవారు, అంతే.

"చేతులకు కిరసనాయిలెందుకమ్మా?"

"ఏమో. వరదలో తడిసొచ్చిన పిల్లకు జలుబు చేయకుండా అనుకుంటా."

"జలుబైతే అరచేతులకు రాస్తారా?"

అమ్మ చిక్కుడుకాయను విరవకుండా కాసేపు పట్టుకుంది. "మా అమ్మనడగాలి. అడుగుదామంటే లేదు కదా" అని మళ్లీ పనిలో పడిపోయింది.

*

మిల్లు గోడ కట్టిన మేస్త్రిని పట్టుకోవడం కష్టం కాలేదు. పనులిప్పుడు కొడుకే చూసుకుంటున్నా, ఏ ఇల్లు కడుతుంటే ఆ ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం ముసలాయనకు అలవాటు. సిమెంటు కలిపే చప్పుడు వినకపోతే ఆయనకు తిన్నది అరగదని కోడలు అంటుంది.

గోడ మాట ఎత్తగానే లేచాడు. "పద, చూపిస్తా" అని కర్ర తీసుకుని ముందు నడిచాడు.

"లారీ వెనక్కొచ్చి గుద్దేసింది" అన్నాడు గోడ ముందు నిలబడి. "నువ్వప్పుడు చంకలో పిల్లవి. ఇక్కణ్ణుంచి అక్కడిదాకా పడిపోయింది. కింది బండలు మాత్రం కదల్లేదు. పైనంతా ఇటుకతో నేనే లేపాను. ఇన్నేళ్లలో ఎక్కడైనా చీలిందేమో చూడు."

"బాగుంది మేస్త్రీ. మరి ఈ రాయి?"

"అదీ నేనే పెట్టాను." ఆయన మెడ నిటారుగా నిలిచింది. "అంతకుముందు ఇదిగో, ఇక్కడుండేది."

కర్రతో కిందికి చూపించాడు. బండరాళ్ల వరసలో ఒకచోట రాయి లేదు. ఆ ఖాళీలో ఇటుక ముక్కలు పేర్చి సిమెంటు మెత్తి ఉంది. మామూలుగా చూస్తే అతుకులాగే ఉంటుంది. ఆమె సంచీలోంచి టేపు తీసింది. ముందు చేయెత్తి పై రాయిని కొలిచింది, తర్వాత గొంతుక్కూర్చుని అతుకును కొలిచింది. పొడవు, వెడల్పు రెండూ సరిపోయాయి. అతుకు ఆమె నడుం దగ్గర ఉంది.

"మరి పైకి ఎందుకు తెచ్చారు?"

మేస్త్రి ఆమెను వింతగా చూశాడు. చదువుకున్న పిల్ల ఇలా అడుగుతుందేమిటన్నట్టు. "అక్షరాలున్న రాయమ్మా! కింద పెడితే వచ్చేపోయే బండ్ల బురద పడదూ? పైగా చదవాలంటే నడుం వంచాలి. గోడ లేపుతున్నాం కదాని నలుగురికీ కనబడేలా పైన పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు నా భుజం తట్టారు కూడా."

"అక్కడ గీత ఉంది కదా మేస్త్రీ. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే గీత."

"ఉంది. గీతకు ఒక్క దెబ్బ కూడా తగలకుండా తీశాను."

ఆయన ముఖంలో ఎంత వెతికినా తప్పు చేసిన ఛాయ లేదు. ఎందుకుంటుంది, ఆయన దృష్టిలో తను చేసింది రాయికి మర్యాద. ఆమెకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. రాయి పైకి లేచింది, దాంతోపాటు నీళ్లు లేచాయి, నీళ్లు లేచేసరికి గేటు మూసుకుపోయింది. గేటాయన అప్పటికే చనిపోయి ఉన్నాడు కాబట్టి కాదనేవాడు లేకపోయాడు.

*

చరిత్ర మాస్టారు పెన్సిలు చెక్కుతూ అంతా విన్నాడు. ఆయనకు కోపం వస్తే పెన్సిలు చెక్కుతాడు. వినడం పూర్తయ్యేసరికి పెన్సిలు సగమైంది.

"మేస్త్రి ముసలాడు. ఎప్పుడో భుజం తట్టానో లేదో నాకే గుర్తు లేదు. వాడి మాట పట్టుకుని రాయిని కాదంటావా?"

"మాట కాదు మాస్టారూ, అతుకు ఉంది. కొలిచాను. మీరూ రండి, కొలుద్దాం."

కొలత అనేసరికి ఆయనలోని లెక్కల మాస్టారు లేచాడు. కళ్లు మూసుకుని కాసేపు పెదాలు కదిపాడు. కళ్లు తెరిచాక గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది.

"సరే అమ్మాయ్. మిల్లు వీధిలో నడుం లోతు అనుకుందాం. అంటే గేటు తెరిచే ఉందన్నమాట. గేటాయన నిర్దోషి. బాగుంది. బడి ఉన్నది మిల్లు కన్నా మెరక మీద. మిల్లు దగ్గర నడుం లోతైతే బడి దగ్గర ఎంత?"

లెక్క ఆయనే ముగించాడు.

"మోకాళ్లు. మోకాళ్ల లోతు నీళ్లకు పిల్లలు కప్పెందుకు ఎక్కుతారు? ఎక్కని కప్పు మీంచి మీ తాతగారు ఎవరిని దించారు?"

ఇది తను ముందే చూడాల్సింది. చూడలేదు. నిన్నటి నుంచీ గేటాయన గురించే ఆలోచిస్తోంది గానీ అదే నీళ్ల మీద తన ఇల్లు కూడా తేలుతోందని తోచలేదు.

"ఆలోచించుకో" అన్నాడు మాస్టారు. మాటలు కఠినంగా లేవు, పాపం జాలిగానే అన్నాడు. "నీళ్లు పైన ఉంటే రెండు వాక్యాలూ ఉంటాయి. కిందికి దిగితే రెండూ పోతాయి. ఒకటి ఉంచుకుని ఒకటి కొట్టేయడం కుదరదు. పెయింటరు రేపు వస్తానన్నాడు."

దారిలో ఆమెకు బడిలో చదివిన రోజులు గుర్తొచ్చాయి. పడవ తాత మనవరాలని మొదటి బల్లలో కూర్చోబెట్టేవారు. ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా ఎదురుగా కూర్చున్న ముసలి అధికారి ఓహో పడవ ఇంటి పిల్లవా అన్నాడు. అదే బడిలో తాళాలాయన కూతురు ఎక్కడ కూర్చునేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ గోడ వైపు చూడకుండా నిన్న నేరుగా ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఎంత హాయిగా ఉండేది అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

*

తాళాలాయన కొట్టు రెండు గుమ్మాల మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది. లోపల ఒక స్టూలు, గోడ నిండా తాళంచెవులు. ఆయన నేల మీద కూర్చుని ఒక పాత షట్టరు తాళాన్ని విప్పి, లోపలి ముక్కలను పాత బనీను గుడ్డ మీద వరసగా పేర్చుకున్నాడు. చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి.

రాయి సంగతి చెప్పింది. పడవ సంగతి చెప్పలేదు. చెప్పాలనే వచ్చింది, నోరు రాలేదు.

ఆయన చేతిలో ఉన్న స్ప్రింగును నొక్కాడు, వదిలాడు.

"అంటే తెరిచాడంటావా?"

"తెరిచే ఉండాలి."

"మరి గది తాళం వేసి ఉందంటారు కదా? ఆ రోజు అక్కడ లేడంటారు."

"అది నాకూ అర్థం కాలేదు. తెరిచాక ఎటైనా వెళ్లాడేమో. మీ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదా?"

"మా నాన్న మాట్లాడే మనిషి కాదు. గేటుకు గ్రీజు పెట్టడం, ఇంటికొచ్చి పడుకోవడం. వరద తర్వాత కూడా పోయేదాకా ఆ గేటు దగ్గరే చేశాడు. ఆయనుండగా ఒక్కరూ మాట అనలేదు. పోయాక ఎన్నాళ్లకో మొదలైంది. అది కూడా నాకు వింతగానే ఉండేది. కానీ అడిగేదెవర్ని?"

ఆయన కింద ఉన్న డబ్బాలో గుడ్డ ముంచి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఘాటైన వాసన కొట్టు నిండా పరుచుకుంది. ఆమె ముక్కు కంటే ముందు ఒళ్లు గుర్తుపట్టింది.

"అది కిరసనాయిలా?"

"అవునమ్మా. గ్రీజు ఇంక దేనికీ వదలదు. సబ్బుకు నవ్వుతుంది." ఆయన వేళ్ల సందులు ఒక్కొక్కటే రుద్దుకున్నాడు. "నాదేముంది, చేతులే. మా నాన్నకు నెత్తంతా అదే. ఆ గేటు చక్రం కింద నిలబడి తిప్పాలి. పైనుంచి గ్రీజు చుక్కలు చుక్కలుగా జుట్టులో పడేది. ఒత్తు జుట్టు, ఎంత రుద్దినా పోయేది కాదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుంటానంటే నేను పారిపోయేవాణ్ణి. జుట్టు పట్టుకుంటే చేతులన్నీ నల్లగా అయిపోతాయని."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. మంచినీళ్లు కావాలా అని ఆయన అడిగాడు. వద్దంది. పడవలకు తారు పూస్తారు, తారు కూడా కిరసనాయిలుకే వదులుతుంది అని తనకు తాను చెప్పుకుంది. అది కూడా జరిగి ఉండొచ్చు. జరిగి ఉంటే బాగుండునని గట్టిగా కోరుకుంది. దేన్ని నమ్మాలో తెలియనప్పుడు మనిషి కావలసినదాన్ని ఎలా వెతుక్కుంటుందో ఆమెకు ఆ స్టూలు మీద తెలిసొచ్చింది.

*

అమ్మను ఏ మాట అడిగినా ఆ మాటే జవాబులోకి వచ్చేస్తుందని ఆమెకు భయం. పడవ అంటే పడవ చెప్తుంది. గేటాయన పేరెత్తితే అదీ చెప్పేయొచ్చు. అందుకే మర్నాడు పొద్దున్న పక్కన కూర్చుని ఊరికే అడిగింది.

"అమ్మా, ఆ రోజు ఇంటికొస్తున్నప్పుడు నీ కాళ్లు ఎక్కడున్నాయి?"

"ఇదేం ప్రశ్నే? కాళ్లు కాళ్ల దగ్గరే ఉన్నాయి."

"కళ్లు మూసుకుని చెప్పు."

కూతురికి మతి పోయిందనుకుందో ఏమో, ముసలమ్మ నవ్వుతూ కళ్లు మూసుకుంది. నవ్వు కాసేపు ఉండి మెల్లగా పోయింది.

"చల్లగా ఉన్నాయి. నీళ్లు పాదాలకు తగులుతున్నాయి. మిల్లు దగ్గరికి వచ్చేసరికి తగిలాయి, నేను కాళ్లు పైకి లాక్కున్నాను. కదలకు తల్లీ అన్నాడు."

"చేతులు?"

అమ్మ ఒళ్లో ఉన్న చేతులు రెండూ పైకి లేచాయి. ఛాతీకి ఎదురుగా వచ్చి ఆగి, వేళ్లు ముడుచుకున్నాయి. గాలిలో దేన్నో గుప్పిళ్లతో గట్టిగా పట్టుకున్నట్టు. పడవ అంచును ఎవరూ అలా పట్టుకోరు. ఆ చేతులు అలాగే ఉన్నాయి.

అమ్మ కళ్లు తెరిచి తన గుప్పిళ్ల వంక చూసుకుంది. తర్వాత తలెత్తి తెడ్డు పైన ఉన్న ఫోటో వంక చూసింది. మళ్లీ గుప్పిళ్లను చూసుకుంది.

"మా నాన్నకు జుట్టెక్కడిదే?" అంది.

ఆ మాట ఎవరో తనను అడిగినట్టుగా అంది. వీధిలో సైకిలు గంట మోగింది. ఇద్దరూ ఆ చప్పుడు దూరం అయ్యేదాకా కూర్చున్నారు.

అప్పుడు కూతురు అంతా చెప్పింది. రాయి, అతుకు, మోకాళ్ల లోతు, గ్రీజు. చెప్తున్నంతసేపూ అమ్మ చీర అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. కోప్పడుతుందనుకుంది, కోప్పడలేదు. ఒక్కసారి మాత్రం అంచు వదిలేసి అడిగింది.

"అయితే మా నాన్న అబద్ధం చెప్పాడంటావా?"

"తాతయ్య తన నోటితో ఎప్పుడైనా చెప్పాడా?"

అమ్మ తెడ్డు వంక చూసింది. "చెప్పలేదు. ఇంటికొచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. ఆయన వింటూ కూర్చునేవాడు. తెడ్డు కూడా ఎవరో తెచ్చి తగిలించారు." కాసేపాగి, "పడవ ఉండేది. అది మాత్రం నాకు తెలుసు. ఏటి గట్టున ఉండేది. ఆ రోజు ఎక్కడెక్కడ తిప్పాడో, ఎవరిని దాటించాడో. నన్ను కాదేమో, అంతే" అంది. ఆ చివరి మాటకు ఆమె కళ్లు నిండాయి. ఇన్నేళ్లూ నాన్న చేతుల్లో ఇల్లు చేరిన పిల్ల ఆమె. ఇప్పుడు వేరే మనిషి భుజాల మీదినుంచి దిగాల్సి వచ్చింది.

"బోర్డు మీద ఏం రాయమంటావమ్మా?" అని అడిగింది కూతురు. "నువ్వు వద్దంటే రాయను. మాస్టారు రాసిందే పోతుంది."

"నన్నడుగుతావేమిటే, చదువుకున్నదానివి. తెలిసిందే రాయి. తెలియనిది తెలియదను." చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "చెప్పులెక్కడ పెట్టావు? ఆ కొట్టు ఎక్కడో చూపిద్దువు గానీ పద."

ముందు మాస్టారి ఇంటి దగ్గర ఆగారు. బయలుదేరే ముందు కూతురు రాసిన కొత్త కాగితం చదివి ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నీళ్లు నడుం లోతే వచ్చాయని, రాయి అసలు చోటు కిందనని, గేటు తెరిచే ఉందని, ఆ సాయంత్రం పిల్లలను భుజాల మీద ఇళ్లకు చేర్చినవారిలో గేటు కాపలాదారు ఒకరని అందులో ఉంది. పడవ లేదు.

"పైన రాయి నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయంటుంది, కింద బోర్డు రాలేదంటుంది. చదివినవాళ్లు ఏమనుకోవాలి?"

"కాసేపు అయోమయంలో పడతారు మాస్టారూ. మేమూ పడ్డాం."

ఆయన అమ్మ వంక చూశాడు. ఆమె తలూపింది. మాస్టారు కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పెయింటరుకు నేనే ఇస్తాను. ముందు ఆ అతుకు ఒకసారి కొలిచి" అన్నాడు.

తాళాలాయన కొట్టు ముందు అమ్మ ఆగింది. వాసన తగిలినట్టుంది, చెంగు ముక్కు దగ్గరికి వెళ్లి మళ్లీ దిగింది. ఆయన కంగారుగా లేచి స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. పడవ ఇంటి పెద్దావిడ తన కొట్టుకు రావడం ఆయన ఎరగడు.

"ఏ తాళమమ్మా?" అన్నాడు.

"తాళం కాదు నాయనా." ఆమె కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి ఆయన తల వంకే చూస్తోంది. నెరిసినా ఇంకా ఒత్తుగానే ఉంది ఆ జుట్టు. "మీ నాన్న నెత్తిన గ్రీజుండేదట. నిజమేనా?"

ఆయన తల దించుకున్నాడు. "నిజమేనమ్మా. ఇంట్లో మేమెవరం ఆయన జుట్టు ముట్టుకునేవాళ్లం కాదు."

"నేను పట్టుకున్నాను" అంది అమ్మ.